తలుపు పట్టుకున్న పిల్ల

పుస్తకం మూసి మంచం మీదికి విసిరేశాను. అది అక్కడ ఆగకుండా జారి కింద పడింది. తీయలేదు. పొయ్యి మీద కుక్కర్ కూతలు పెడుతూనే ఉంది, అయినా లేవలేదు. అంత కోపం వచ్చింది నాకు. అదీ ఒక పిల్లల నవల మీద.

నేను పాల్వంచలో కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌లో ఉంటాను. బాయిలర్‌కు పోయే నీళ్లను ల్యాబులో పరీక్షించడం నా ఉద్యోగం. ఆ ఆదివారం ఆఫ్ దొరికింది. అంతకుముందు కొత్తగూడెంలో పుస్తకాల ఎగ్జిబిషన్ పెడితే అక్కడ ఈ నవల కొత్త అచ్చు కనిపించింది. దళసరి అట్ట, మెరిసే కాగితం, వెనక అట్ట నిండా పొగడ్తలు. తరతరాల పిల్లల్ని మురిపించిందట. చిన్నప్పుడు మా బడి లైబ్రరీలో ఉన్న కాపీకి అసలు అట్టే లేదు. అక్క కూతురికి ఇద్దామని కొన్నాను. ఇచ్చేముందు నేనోసారి చదువుకుందామని కూర్చున్నాను.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక ఊళ్లో వానలు ఆగిపోతాయి. గుట్టల అవతలి రాక్షసుడు మబ్బులన్నిటినీ పట్టి కుండల్లో మూత పెట్టేశాడు. ఒక అక్క, తమ్ముడు, చెల్లి కలిసి వాటిని విడిపించడానికి బయల్దేరతారు. గుట్టలో ఒక రాతి తలుపు ఉంటుంది. ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని నిలబడినంతసేపే అది తెరిచి ఉంటుంది. చెయ్యి తీస్తే మూసుకుపోతుంది, లోపలికి వెళ్లినవాళ్లకు మళ్లీ దారి ఉండదు. అక్కడ కాపలా ఉన్న ముసలి తొండ ముగ్గురి చేతులూ వాసన చూసి, ఈ తలుపు అందరికీ లొంగదు, పెద్దపిల్ల చెయ్యి మంచిది, ఆమే నిలబడాలి అంటుంది. అక్క నిలబడుతుంది. మిగతా ఇద్దరూ లోపలికి వెళ్తారు. ఇక అక్కణ్ణుంచి ఎగిరే చేపలు, మాట్లాడే రోళ్లు, రాక్షసుడి గుర్రుకు కదిలే కోట, అన్నీ బాగానే ఉంటాయి. చివరికి కుండలు పగులుతాయి. పిల్లలిద్దరూ ఓ మబ్బెక్కి, గుట్ట మీదుగా ఎగిరొచ్చి, నేరుగా ఊళ్లో దిగుతారు. వాన కురుస్తుంది. రాజు విందు చేస్తాడు. దారి చూపించిన కాకికి కూడా ఆ విందులో వెండి గిన్నెలో అన్నం పెడతారు.

తలుపు పట్టుకున్న పిల్ల ఊసే లేదు.

పేజీలు అంటుకుపోయాయేమోనని గోటితో విడదీసి చూశాను. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. లేదు. చంపేసినా ఒప్పుకునేదాన్ని. రాయిగా మార్చేసినా, పిల్లలకు ఏడుపొచ్చేదేమో గానీ, ఒప్పుకునేదాన్ని. ఆ మహానుభావుడు ఆమెను మరిచిపోయాడు. కాకి గుర్తుంది ఆయనకు. గిన్నె వెండిదన్న సంగతి కూడా గుర్తుంది. ఎన్నో అచ్చులు పడ్డాయంటున్నారు కదా, ఒక్క ప్రూఫులు దిద్దేవాడికైనా, ఒక్క బొమ్మలు వేసేవాడికైనా, అయ్యా ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది అని చెప్పబుద్ధి కాలేదా? ఆ రచయిత పోయి చాలా కాలమైంది. ఉంటే వెతుక్కుంటూ ఇంటికి వెళ్లి అడిగేదాన్ని.

కోపం ఆయన ఒక్కడి మీదే అయితే కుక్కర్ దించేసరికి చల్లారేది. చల్లారలేదు. ఎందుకంటే ఆ కథను నేను మొదటిసారి చదివింది మిర్చి కల్లంలో, మా అక్క కోసం.

మా ఊరు వేంసూరు దగ్గర. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. ఆమె ఏడో తరగతికి వచ్చిన ఏడు కూడా మా నాయన మిర్చే వేశాడు. కోసిన కాయను కల్లంలో ఆరబోసేటప్పుడు మొదటి గంప ఎవరో మంచి చెయ్యి ఉన్నవాళ్లతో పోయించడం మా వైపు అలవాటే. ఆ ముందటేడు సరదాకి అక్కతో పోయించాడు. మంచి ధర పలికింది. ఇంకోచోట పంట దెబ్బతినడం వల్ల ఆ ధర వచ్చిందని ఊళ్లో అందరికీ తెలుసు, నాయనకు ఇంకా బాగా తెలుసు. అయినా వచ్చినవాళ్లందరికీ అక్క చెయ్యి పట్టుకుని చూపించేవాడు.

"మా పెద్దదాని చెయ్యి చాలా మంచిదండీ. ఇది పోస్తేనే నాకు కలిసొస్తది."

అక్క మురిసిపోయేది. ఎవరు మురిసిపోరు? పోసిన చెయ్యే మూటలు కట్టేదాకా కల్లంలో ఉండాలని, మధ్యలో చెయ్యి మారితే కలిసిరాదని నాయనే ఇంకో మాట కలిపాడు. అది మా ఊళ్లో ఎవరింట్లోనూ లేని పట్టింపు. కాయ కోతకు వచ్చేదీ, ఎండేదీ సరిగ్గా పిల్లల పరీక్షల కాలంలోనే. పొద్దున కాయ పరవాలి, మధ్యాహ్నం తిరగేయాలి, సాయంత్రం కుప్పజేసి పట్టా కప్పాలి. మిగతా పొద్దంతా కూర్చుని తాలు ఏరాలి. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ, అది కలిస్తే మంచి కాయ ధర కూడా పడిపోతుంది. అలా ఏరుతూ ఏరుతూ అక్క ఏడో తరగతి పరీక్ష రోజులు దాటిపోయాయి. మళ్లీ ఏడు రాయిద్దామన్నారు. మళ్లీ ఏడు మళ్లీ మిర్చి వేశారు.

నాయన చెడ్డవాడు కాదు. తాగి కొట్టే మనిషైతే నా పని సులువయ్యేది, తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన అక్క చేతులు మండితే పుల్ల మజ్జిగలో ముంచి, తన పంచెతో తుడిచేవాడు. ఆ మంచి మాటతోనే, ఆ ముద్దు చేయడంతోనే పిల్లను కట్టిపడేశాడు. అందుకే ఇప్పటికీ నాకు ఆయన మీద కోపం పోదు, పోయిన మనిషి మీద ఎంతకాలం అని ఎవరైనా అంటే వాళ్ల మీద కూడా వస్తుంది.

నేను బడి నుంచి నేరుగా కల్లానికి వెళ్లేదాన్ని. అక్క చేతుల నిండా మిర్చి ఘాటు, లైబ్రరీ పుస్తకం ముట్టుకోవడానికి లేదు. కాబట్టి నేను చదవడం, ఆమె వినడం. మధ్యమధ్యలో ఇద్దరం తుమ్మడం. వానను విడిపించడానికి ఆ పిల్లలు నానా పాట్లూ పడుతుంటే అక్క ఆకాశం వంక చూసి, మూటలు కట్టేదాకా ఆగమనవే వాళ్లను అనేది. తలుపు దగ్గర పెద్దపిల్ల నిలబడిన అధ్యాయం మటుకు మళ్లీ మళ్లీ చదివించుకునేది. ఆ తొండ మాట ఆమెకు నోటికొచ్చేసింది. పిల్లలిద్దరూ కోటలో అడుగుపెట్టేసరికి వేసవి సెలవులొచ్చాయి, పుస్తకాలన్నీ వెనక్కి ఇచ్చేయమన్నారు. మిగిలింది నేను బడి అరుగు మీద కూర్చుని గబగబా చదివేసి, ఇచ్చేసి, ఇంటికొచ్చి చెప్పాను. వాన తెచ్చారు, అందరూ ఇంటికొచ్చారు అని. పదేళ్ల పిల్లను. అలాగే చదువుకున్నాను, అలాగే చెప్పాను. ఇందులో నా తప్పేమీ లేదు, ఎవరైనా ఆ మాటంటే ఊరుకోను.

ఆ ఆదివారం మధ్యాహ్నమే జూలూరుపాడు బస్సెక్కాను. అక్కను ఇచ్చింది ఆ దగ్గరి పల్లెకే. పెళ్లయ్యాక ఆమె మాట పూర్తిగా ఆ ఊరి మాటైపోయింది. మిర్చి మటుకు వదల్లేదు. మా అక్కచెల్లెళ్లలో నాకు నోరు, ఆమెకు ఓపిక వచ్చాయి. దారిలో అనుకున్నాను, పుస్తకం దాని చేతికిచ్చి, చదివాక ఆ రచయితను ఇద్దరం కలిసి తిడదామని. దాని అంటే అక్క కూతురు. ఇంటర్ రెండో ఏడు. మర్నాడే ఫిజిక్స్ పరీక్ష, కొత్తగూడెంలో సెంటర్. ఇంట్లో తలుపు బిగించుకుని చదువుకుంటూ ఉంటుందనుకున్నాను.

కల్లంలో ఉంది. ముక్కుకు తువ్వాల కట్టుకుని తాలు ఏరుతోంది. తువ్వాల కింద పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్లి వింటే ఫార్ములాలు.

నేను ఏమీ అడగకముందే అర్థమైపోయింది. అయినా అడిగాను. కోతలు మొదలైనప్పటి నుంచి కాలేజీకి పోలేదట. ఇంట్లోనే చదువుతున్నానంది. అవతలి రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలు కాయ కోసేసి వేరే చేలకు వెళ్లిపోయారు. పైగా మబ్బు పట్టింది, రేపు వాన ఉందని ఫోన్లో చూపిస్తోంది. ఇంత కాయను ఒక్కరు కుప్పజేసి పట్టాలు కప్పలేరు. కాబట్టి రేపటి పరీక్షకు పంపడం లేదు. ఇదంతా మా బావ, నా ముఖం వంక చూడకుండా, పట్టాల తాళ్లు సర్దుతూ చెప్పాడు. చివర్న, మీ అక్క మాటేనమ్మా, నాదేం లేదు అన్నాడు.

మా అక్క మాట! నాకు చెవులు పనిచేస్తున్నాయో లేదోననిపించింది. ఏ మొగుడో, ఏ అత్తో అడ్డం పడితే తలుపులు బద్దలుకొట్టైనా పిల్లను తీసుకుపోయేదాన్ని. ఆ అడ్డం పడింది మా అక్క. ఆమె గంపతో వచ్చి, చల్లగా, నవ్వుతూ, కూతురి చెయ్యి పట్టుకుని పైకెత్తి నాకు చూపించింది.

"దీని చెయ్యి శాన మంచిదే చెల్లె. పోయినేడు దీంతోని పోయించిన, ఒక్క కాయ నల్లబడలె. ఈయేడు గూడ ఇదే పోసింది. మూటలు గట్టేదాక ఇదే ఉండాలె."

అదే మాట. అదే ఎత్తి పట్టుకోవడం. పిల్ల ముఖంలో చిన్న నవ్వు కూడా అదే. నాకు ఒళ్లు మండిపోయింది. కల్లం అని చూడలేదు, పక్క కల్లాలవాళ్లు చూస్తున్నారనీ చూడలేదు. నాయన నీకు చేసిందే నువ్వు దీనికి చేస్తున్నావు, ఆయనకు తెలియక చేశాడు, నువ్వు తెలిసి చేస్తున్నావు అని అరిచాను. సిగ్గులేదా అని కూడా అన్నాను. అన్నందుకు బాధ లేదు.

అక్క గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ పెంచదు, అదే నాకు ఇంకా మంట.

"పరీచ్చ మల్ల రాయొచ్చు, సప్లిమెంటరీ ఉంటది. తడిసిన కాయకు మల్ల రంగు రాదు. నీ కొలువుల నీళ్లు తడుస్తయా? నా కాయ తడుస్తది."

పక్క కల్లంలో ఎవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. ఆ సప్లిమెంటరీ అనే మాట ఉందే, మా ఇంట్లో దాన్ని మళ్లీ ఏడు అనేవాళ్లు. పిల్ల తల దించుకుని, అమ్మతోని కొట్లాడకు చిన్నమ్మా అంది. దానికి పరీక్ష రాయాలనుందా లేదా అని అడిగాను. నా వంక చూడలేదు, వాళ్లమ్మ వంక చూసింది.

వెళ్లిపోదామనుకున్నాను. సంచి తీసుకుంటుంటే పుస్తకం జారి కాయ మీద పడింది. అక్క పమిటకు చేతులు తుడుచుకుని వంగి చూసింది. అట్ట మీద రాతి తలుపు బొమ్మ, దాని మీద చిన్న చెయ్యి.

"గా తొండ కతనా?" అంది. ఆమె గొంతు మారిపోయింది. "చెల్లె, కోటలకు పొయ్యేదాక జదివినవ్. ఆడికెల్లి జదువు."

అప్పుడు నాలో ఏం పుట్టిందో చెబుతాను. జాలి కాదు. కక్ష. చదువుతాను, మొత్తం చదువుతాను, ఒక్క ముక్క వదలను అనుకున్నాను. పట్టా మీద కూర్చుని, కోట దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అక్క ఎదురుగా కూర్చుని తాలు ఏరుతూ విన్నది, అప్పటిలాగే. పిల్ల కూడా ఫార్ములాలు ఆపి విన్నది. మాట్లాడే రోళ్ల దగ్గర ఇద్దరూ పడీ పడీ నవ్వారు. బావ కూడా వచ్చి తాళ్లు పేనుతూ ఓ మూల కూర్చున్నాడు. కుండలు పగిలాయి. మబ్బు ఊళ్లో దిగింది. విందు అయింది, కాకికి వెండి గిన్నె పెట్టారు. పుస్తకం మూశాను.

అక్క చేతులు ఆగలేదు. ఇంకా ఉందనుకుని ఎదురుచూస్తోంది.

"తలుపుకాడి అక్క?" అంది.

"లేదు."

"ఏంది లేదు? ఇంకో పేజీ ఉంటది. సరిగ్గ జూడు."

పుస్తకం ఆమె చేతుల్లో పెట్టాను. ఈసారి మిర్చి చేతులనీ చూసుకోలేదు ఆమె. వేలు అక్షరాల కింద పెట్టుకుని, ఒక్కో మాటా పెదవులతో పలుకుతూ, చివరి అధ్యాయం మొదటి నుంచి చదివింది. చాలాసేపు పట్టింది. ఘాటుకు కళ్లు నీళ్లు కారుతుంటే భుజానికి తుడుచుకుంది. వెనక అట్ట తిప్పి చూసింది. మళ్లీ తలుపు అధ్యాయానికి వెళ్లింది. అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

"నువ్వు అందరొచ్చిండ్రన్నవ్."

"అవ్. అట్లనే అనుకున్న."

"గప్పటిసంది ఆ పిల్ల ఇంటికొచ్చిందనే అనుకుంటున్న నేను."

నేను గుండె రాయి చేసుకుని ఊరుకున్నాను. ఓదార్చడానికి వచ్చానా నేను? ఆమె పుస్తకం పక్కన పెట్టి, కూతురి ముందున్న గంప తన వైపు లాక్కుంది. పోయి చెయ్యి కడుక్కో, మజ్జిగతోని కడుక్కో, మంట పోతది అంది. పిల్ల అర్థం కాక కూర్చునే ఉంది. రెండోసారి చెప్పించుకుని లేచింది. ఇంట్లోకి వెళ్లేటప్పుడు నడిచిందా, పరిగెత్తిందా అంటే, పరిగెత్తిందనే చెప్పాలి.

తెల్లారేసరికి మబ్బు కిందికి దిగి ఉంది. నేను ల్యాబుకు సెలవు చెప్పి, పిల్లతో బస్సు దగ్గరికి బయల్దేరాను. కల్లం దగ్గర బావ మా దారికి అడ్డం రాలేదు గానీ, మనసు ఆపుకోలేక అక్కతో అన్నాడు. పోసిన చెయ్యి లేకపోతే ఎట్ల, పోనీ నీ చెయ్యి అయినా ఉంది కదా, నువ్వు ఉండు అని. నాకు తెలుసు ఏమవుతుందో. పిల్ల వెళ్తుంది, అక్క ఉంటుంది. తలుపు మీద ఒక చెయ్యి పోయి ఇంకో చెయ్యి వస్తుంది, అందరూ సంతోషిస్తారు. నోటిదాకా వచ్చిన తిట్టును మింగాను.

అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. అప్పుడు చూశాను, కల్లంలో కట్టుకునే చీర కాదది.

"నేను గూడ పోతున్న. ఈపాలి నీ చెయ్యి ఎట్లుందో జూద్దాం" అని, పట్టాల తాళ్లు బావ చేతుల్లో పెట్టింది. బావ ఆ తాళ్లను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాకు ఆయన మీద కూడా జాలి కలగలేదు.

కొత్తగూడెంలో పిల్ల సెంటర్ లోపలికి వెళ్లింది. గేటు మూశారు. సెంటర్ ఎదురుగా జిరాక్స్ షాపు ముందు బెంచీ మీద నేనూ అక్కా కూర్చున్నాం. చుట్టూ వేరే పిల్లల తల్లిదండ్రులు. మిర్చి కాలంలో కల్లం విడిచి బయట కూర్చోవడం అక్కకు చిన్నప్పటి నుంచీ ఇదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు ఆమెకు. ఒళ్లో పెట్టుకుంది, బెంచీ మీద ఆనించింది, చివరికి చంకల్లో దాచుకుంది. నాకు ఆ చేతులు చూస్తుంటే మళ్లీ నాయన గుర్తొచ్చి, ఆ రచయిత గుర్తొచ్చి, పళ్లు నూరుకున్నాను.

పరీక్ష మొదలైన కాసేపటికి వాన పడింది. ముందు చినుకులు, వెంటనే జోరు. అక్క దిగ్గున లేచింది. అలవాటైన ఒళ్లు కదా, రెండడుగులు రోడ్డు మీదికి వేసేసింది. తల మీద పమిట కూడా కప్పుకోలేదు. జూలూరుపాడు ఎటువైపో అటే చూస్తూ, ఎవరో పిలిచినట్టు నిలబడింది. ఆమె కొంగులో ఫోన్ మోగింది. బావ. మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది.

నేను పిలవలేదు. పిలిస్తే ఏమంటానో నాకే తెలియదు.

ఫోన్ ఆగిపోయాక అక్క వెనక్కి తిరిగింది. తడిసిన కాళ్లతో వచ్చి నా పక్కన కూర్చుంది. గేటు వంక చూసింది.

"తడవనీ" అంది. "నా బిడ్డ బయటికొచ్చేదాక నేనీడికెల్లి లేవ."